నలభై ఒకటి: తగ్గుట

జూలై 3, బుధవారం

రిపోర్టు వచ్చింది. సరిపోయిందట.

హైదరాబాద్ దవాఖాన నుంచి మేడమ్ ఫోన్ చేసింది. కిడ్నీ ఇచ్చేవాళ్ళతో మాట్లాడడమే ఆమె ఉద్యోగం. బ్లడ్ గ్రూపు కుదిరింది, మిగతా పరీక్షలూ కుదిరాయి, మీ తమ్ముడికి మీరు ఇవ్వొచ్చమ్మా అంది. పెళ్ళి సంబంధం కుదిరినంత సంబరంగా చెప్పింది. నేను కూడా అట్లాగే "మంచిది మేడమ్" అన్నాను.

తర్వాత గొంతు చిన్నగా చేసి ఇంకో మాట చెప్పింది. ఇష్టం లేకపోతే నాకొక్కదానికే చెప్పండి, వైద్య కారణాల వల్ల కుదరలేదని మీవాళ్ళకు మేమే చెప్తాం, అసలు సంగతి ఎవ్వరికీ తెలియదు అంది. ఆగస్టు నెలాఖరు లోపల ఏదో ఒకటి చెప్పాలట.

ఆ రెండో మాట ఎందుకు చెప్పినట్టు? అందరికీ చెప్తుందా, నా గొంతులో ఏమైనా వినిపించిందా?

ఈ డైరీ పోయినేడు విత్తనాల డీలరు కోసం మా ప్రెస్సులో వేసినది. మిగిలిపోతే మా ఓనరు హైదర్ భాయ్ నాకిచ్చాడు. తారీఖులకు వారాలు కలవడం లేదు. వాటిని కొట్టేసి నేనే రాసుకుంటున్నాను.

జూలై 4

తొర్రూరు నుంచి అమ్మ ఫోన్. రిపోర్టు వచ్చిందా అని. ఇంకా రాలేదన్నాను. ల్యాబులో రష్ ఉందట అని కూడా అన్నాను. ఆ రష్ ముక్క నోట్లోకి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

జూలై 7, ఆదివారం

ప్రెస్సుకు సెలవే. అయినా కిషన్ రావు సార్ పని కోసం ఆదివారాలు తాళం తీస్తాను. సార్ సుబేదారిలో ఉంటారు, కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. చైనా వాళ్ళ పాత శకునాల పుస్తకాన్ని ఇంగ్లీషులో చదివి ఆరేళ్ళుగా తెలుగులో రాస్తున్నారు. అందులో అరవై నాలుగు గుర్తులు. ఒక్కో గుర్తుకు ఆరు గీతలు, ఒకదాని మీద ఒకటి. కొన్ని నిండు గీతలు, కొన్ని నడుమ విరిగినవి. వారానికి రెండు గుర్తుల కాగితాలు తెస్తారు, నేను టైపు చేస్తాను. ఆయన చేతిరాత నేను తప్ప వరంగల్ మొత్తంలో ఎవరూ చదవలేరు. మెడికల్ షాపు వాళ్ళు కూడా చదవలేరు.

ఇవ్వాళ నలభై ఒకటి. పైన "క్షయము" అని పెద్దక్షరాలతో రాసుకొచ్చారు.

"సార్, క్షయ అంటే జనం టీబీ అనుకుంటరు" అన్నాను.

సార్ మొహం పాలిపోయింది. పాపం ఆరేళ్ళలో ఆ ఆలోచనే రాలేదట. లోపము, హాని, నష్టము అని వరుసగా చెప్పుకుంటూ పోయారు. అన్నీ గుండె జారిపోయే మాటలే. అసలు ఆ గుర్తులో ఏముంది సార్ అని అడిగాను. కింద ఉన్నదాంట్లోంచి కొంత తీసి పైన పెట్టడం, తీసినచోట తక్కువ పడడం అన్నారు. అయితే "తగ్గుట" అని పెట్టండి అన్నాను.

సార్ అద్దాలు తీసి ఆ మాట రెండుసార్లు అనుకున్నారు. "మంచిగున్నదమ్మా. కానీ నష్టం గుర్తు కద, పేరు ఇంత మెత్తగ ఉండొచ్చునా?"

నాకేం తెలుసు. టైపు చేసేశాను. దాని జంట నలభై రెండు. అది "వృద్ధి" అని రాశారు. ఇదొకటి తగ్గుట అయ్యాక అదొకటి వృద్ధి ఎందుకని దాన్ని "పెరుగుట" చేశారు.

వంట చేస్తుంటే వెలిగింది. జ్వరం తగ్గింది అంటాం, నొప్పి తగ్గింది అంటాం. తగ్గితే సంతోషం కదా. తమ్ముడు భానుకు పోయినేడు నుంచి రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, పెరిగింది అంటున్నారు. పెరగడమే వాడి ప్రాణం మీదికి వచ్చింది. అంటే నలభై ఒకటి మంచి గుర్తా, చెడ్డ గుర్తా? సార్‌ను అడగాలి.

జూలై 9, మంగళవారం

మా ఆయన పొద్దున్నే ఆర్టీసీ డ్యూటీకి పోయాడు. ములుగు బస్సు. మూడు రెండ్రూపాయల బిళ్ళలు తీసుకొని మంచం మీద కూర్చున్నాను.

పద్ధతి సార్ ఎప్పుడో చూపించారు. మూడు బిళ్ళలు ఆరుసార్లు వేయాలి. ఒక్కోసారికి ఒక గీత, బిళ్ళలు పడ్డదాన్నిబట్టి నిండు గీతో, విరిగిన గీతో. మొదటిది అడుగున గీసి, ఇల్లు కట్టినట్టు పైకి పోవాలి. మూడు బిళ్ళలూ ఒకే వైపు పడితే అది మారే గీత, దాని కింద రాసిన మాట మనకోసమే అనుకోవాలి. ఇవ్వాలా వద్దా అని అడగకూడదట. ఇస్తే ఎట్లా ఉంటుంది అని అడగాలట. సార్ లెక్చరరే కదా, ప్రశ్న సరిగ్గా లేకపోతే మార్కులు వేయరు.

తమ్ముడికి కిడ్నీ ఇస్తే ఎట్లా ఉంటుంది అని అడిగాను.

నిండు, నిండు, విరుగు, విరుగు, విరుగు, నిండు. నాలుగోది మారే గీత. నేను టైపు చేసిన కాగితాలు ముందేసుకొని బొమ్మలన్నీ వెతికాను. నలభై రెండుతో కలిసింది. పెరుగుట.

కదిలితే మేలు, పెద్ద ఏరు దాటితే మేలు అని ఉంది. అంటే ఇవ్వమనే కదా? కానీ పేరు పెరుగుట. ఏది పెరుగుతుంది? వాడి ఆయుష్షా, వాడి జబ్బా, నా బాధా? నాలుగో గీత దగ్గర నడిమి దారిన పోయి దొరకు చెప్పు, దొర వింటాడు అని ఉంది. దొర ఎవరు? మా తాత కాలంలో దొరకు చెప్పుకోవడానికి పోయినవాళ్ళు ఎట్లా తిరిగొచ్చారో అమ్మ చెప్తుండేది. డాక్టరా? దవాఖాన మేడమా? ఈయనను దొర అనుకుందామంటే, వారం నుంచి గ్యాస్ బుక్ చేయమంటేనే వినడం లేదు.

నడిమి దారి అంటే సగం ఇవ్వమనా?

జూలై 10, బుధవారం

అదాలత్ దగ్గర మలుపు తిరిగి చుట్టూ పోయాను. పది నిమిషాలు లేటు. సోమ, బుధ, శుక్రవారాలు భాను డయాలసిస్‌కు వచ్చే సెంటరు ప్రెస్సుకు పోయే తోవలోనే ఉంది. ఆ రోడ్డు గుంతలు పడింది, అందుకే చుట్టూ పోతున్నాను.

జూలై 14, ఆదివారం

ఎవరికైనా నలభై రెండు వస్తే ఎట్లా సార్ అని మాటల మధ్యలో అడిగాను. చాలా మంచి గుర్తు, వెనక్కి చూడకుండా ముందుకు పోవాలి అన్నారు. నాకు సంతోషం కలగలేదు. 

ఇంటికొచ్చి అదే ప్రశ్న మళ్ళీ అడిగాను. ఈసారి నాలుగో గుర్తు వచ్చింది. మొదటిసారి అడిగితే చెప్పాను, మళ్ళీ మళ్ళీ అడగడం మర్యాద కాదు, ఇక చెప్పను అని రాసి ఉంది అందులో.

నేను టైపు చేసిన కాగితం నన్నే తిట్టింది. బిళ్ళలు పోపుల డబ్బాలో వేశాను.

జూలై 16

ఈయనకు రిపోర్టు సంగతి చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పాను. టీవీ వైపు చూస్తూనే "నీ ఇష్టం" అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఏ చీర కొనాలన్నా, ఏ ఊరు పోవాలన్నా ఇదే మాట. ఇవ్వకు అంటే ఇచ్చేదాన్నేమో. ఇవ్వు అంటే పోట్లాడేదాన్ని.

జూలై 18

నిర్ణయం వేరు, నేర్చుకోవడం వేరు. నేను నేర్చుకుంటున్నాను, అంతే. కరెంటు ఎప్పుడు వస్తుంది అని అడిగితే నీళ్ళ గుర్తు వచ్చింది. బిడ్డ హైదరాబాద్ నుంచి ఈ వారం ఫోన్ చేస్తుందా అంటే సైన్యం గుర్తు వచ్చింది. కరెంటు గంటకు వచ్చింది. బిడ్డ చేయలేదు.

జూలై 23, మంగళవారం

శ్రావణం పెళ్ళిళ్ళ కార్డులు మొదలయ్యాయి. ఒకరోజే నాలుగు. మేనమామల పేర్లు ఎక్కడ వేయాలమ్మా అని ఒకాయన అడిగాడు. మీరు ఎక్కడ చెప్తే అక్కడ, నేను మాత్రం చెప్పను అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, హైదర్ భాయ్ తల దించుకొని నవ్వాడు.

రెండేళ్ళ కింద మా బిడ్డ పెళ్ళి కార్డు నేనే చేశాను. భాను పేరు అందరికంటే అడుగున పెట్టాను. ఒక్కడి పేరే, ఒక్క లైను, మిగతా పేర్ల కంటే పెద్దక్షరాలు, రెండు వైపులా పువ్వులు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, చదివేవాళ్ళ కన్ను చివరి లైను మీద ఆగుతుందని నాకు తెలుసు. నా ఒక్క తమ్ముడికి అదే మర్యాద అనుకున్నాను. వాడేమో మా అక్క నన్ను అందరి కాళ్ళ కింద ఏసింది అని ఊరంతా చెప్పాడు. పెళ్ళికి రాలేదు. మేనమామ పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాలి. ఈయన చిన్నాయన కొడుకు తెచ్చాడు. గంపలో కూర్చొని కూడా నా బిడ్డ గేటు వైపే చూసింది. అది నేను మర్చిపోలేను. మర్చిపోవాలని కూడా లేదు.

అప్పుడూ అమ్మ ఒకటే మాట. నువ్వు పెద్దదానివి, నువ్వే జర తగ్గు బిడ్డా, ఒక్క ఫోన్ చెయ్యి. చేయలేదు. ఇంట్లో సైకిల్ ఒకటే ఉంటే తగ్గాను. ఇంటర్ తర్వాత ఇద్దరినీ చదివించలేమంటే తగ్గాను. నలభై ఆరేళ్ళలో తగ్గనిది ఆ ఒక్కసారే.

తర్వాత వాడికి ఈ జబ్బు వచ్చింది. ఏప్రిల్‌లో మరదలు తిరుమల వచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చింది. టెస్టులే కదా అని పోయాను. వాడితో మాట మాత్రం ఇప్పటికీ లేదు.

తగ్గుట అని నేను చెప్పిన మాట ఉందే, దానికి ఈ అర్థం కూడా ఉంది. సార్‌కు ఇది చెప్పలేదు.

జూలై 24, బుధవారం

చుట్టు తోవ.

ఆగస్టు 4, ఆదివారం

భానుకు ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరాయి. శుక్రవారం దవాఖానలో వేశారట, ఇవ్వాళ పంపించారు. ఇట్లా ఇంకోసారి అయితే చెప్పలేమన్నారట. అమ్మ ఫోన్‌లో ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"రిపోర్టు ఇంక రాకపాయెనా బిడ్డా? ఆ పెండ్లి సంగతి మనసుల వెట్టుకోకు. నువ్వే జర తగ్గి, ఆళ్ళను గట్టిగ అడుగు" అంది.

అడుగుతానమ్మా అన్నాను. ఫోన్ పెట్టేసి బాత్రూంలో కూర్చున్నాను. రిపోర్టు వచ్చి నెల దాటింది. అమ్మకు అబద్ధం చెప్తున్నాను, తమ్ముడికి ఊపిరి ఆడడం లేదు, నేను బిళ్ళలు వేసుకుంటున్నాను. నాకు కోత అంటే భయం. మత్తు ఇచ్చాక లేవనేమో అని భయం. ఇది ఎవరితో అనాలి? అందరూ కోపమే అనుకుంటున్నారు. కోపం కూడా ఉంది. ఏది ఎంత ఉందో తెలియడం లేదు.

మళ్ళీ వేశాను. ఏమొచ్చిందో రాయను.

ఆగస్టు 11, ఆదివారం

పెద్ద తప్పు బయటపడింది. తప్పు నాదే.

సార్‌కు కంటి ఆపరేషన్ అయ్యాక కొత్త అద్దాలు వచ్చాయి. ఇప్పటిదాకా అయిన యాభై గుర్తుల ప్రూఫులు పట్టుకొని మొదటిసారి బొమ్మల వైపు సరిగ్గా చూశారు. మూడో పేజీ దగ్గర ఆగారు, నాలుగు తిప్పారు, ఐదు తిప్పారు. "వినోదా, ఇవి తలకిందులు పడ్డయి కదమ్మా" అన్నారు.

సార్ కాగితంలో మొదటి గీత నిండు, రెండో గీత విరుగు అని మాటల్లోనే రాస్తారు. నేను మొదటి గీతను పైన పెట్టాను, దాని కింద రెండోది, అట్లా కిందికి. పేజీ అంటే పైనుంచే కదా మొదలయ్యేది. బిళ్ళలు వేసినప్పుడు అడుగు నుంచి గీయాలని తెలుసు, టైపు చేసేటప్పుడు మాత్రం చేతులు వాటి అలవాటున అవి పోయాయి. ఒకటో గుర్తులో ఆరూ నిండు గీతలే, రెండో దాంట్లో ఆరూ విరిగినవే. ఎటు తిప్పినా ఒకటే కాబట్టి సార్ ఆ రెండూ చూసి సరే అన్నారు. తర్వాత మాటలే దిద్దారు. యాభైలో ఆరింటికే తలకిందులైనా తేడా రాదు. మిగతా నలభై నాలుగూ తప్పే.

సార్ కోప్పడలేదు. "అడుగున ఉన్నదే మొదటిదమ్మా. పైన ఉన్నది పొయ్యేటిది, కింద ఉన్నది వచ్చేటిది. బలమంత అడుగునే ఉంటది" అన్నారు. అయితే కార్డు మీద భాను పేరు నేను సరిగ్గానే పెట్టాను. వాడు చైనాలో పుట్టి ఉంటే పెళ్ళికి వచ్చేవాడు.

నవ్వొచ్చింది కానీ వెంటనే ఇంకోటి తట్టింది. నేను వేసి చూసుకున్నవన్నీ ఈ కాగితాల్లోనే కదా. నలభై రెండు బొమ్మను తిరగేస్తే ఏది సార్ అని అడిగాను. నలభై ఒకటి అన్నారు. జంట అంటే అదే, ఒకదాన్ని బోర్లిస్తే ఇంకొకటి.

అంటే నాకు వచ్చింది తగ్గుట.

నన్ను తిట్టిన నాలుగో గుర్తు కూడా నాది కాదు. అది మూడోదట. మొదట్లో కష్టం, ఒక్కదానివే పోకు, తోడు చూసుకో అనేది. నెల రోజులు ఉత్త పుణ్యానికి తిట్టు పడ్డాను.

ఆగస్టు 12, సోమవారం

నలభై ఒకటి తీసి కూర్చున్నాను. నేనే టైపు చేసినా ఇప్పుడే చదువుతున్నట్టుంది.

రెండు చిన్న గిన్నెలున్నా పూజకు చాలు అని ఉంది పైన. రెండు గిన్నెలు. నాకు రెండున్నాయి, వాడికి రెండూ పోయాయి. రెండున్నా చాలు అంటే ఒకటి ఇచ్చినా సరిపోతుందనా, రెండూ అట్టే పెట్టుకో అనా?

నాలుగో గీత దగ్గర తన జబ్బు తగ్గనిస్తే రావాల్సిన మనిషి తొందరగా వస్తాడు, సంతోషిస్తాడు, తప్పు లేదు అని ఉంది. తన అంటే ఎవరు? భానా? జబ్బు వాడిదే. కానీ అడిగింది నేను కదా. నాకు ఏం జబ్బు?

ఈ ప్రశ్నకు జవాబు ఉందేమో అనిపించి కాగితం మడిచేశాను.

ఆగస్టు 13

తన. తన. తన.

ఆగస్టు 16, శుక్రవారం

దవాఖాన మేడమ్ నుంచి మెసేజ్. ఇంకా రెండు వారాలు అని. బొటనవేలు బొమ్మ పెట్టాను. ఏమని పెట్టానో ఆమెకేం అర్థమైందో.

ఆగస్టు 18, ఆదివారం

నలభై నాలుగు బొమ్మలూ సరిచేశాను. సార్ చూసి సంతోషపడ్డారు. నాలుగో గీతలో తన అంటే ఎవరు సార్ అని అడిగాను. చైనా భాషలో కూడా అక్కడ ఎవరో చెప్పలేదట, వెయ్యేళ్ళుగా పండితులు కొట్టుకుంటున్నారట. ఈ జంట గుర్తు ఎవరికి వచ్చిందమ్మా అని అడిగారు. మాకు దగ్గరివాళ్ళకు అని మొదలుపెట్టి మధ్యలో ఆగాను. ఆపైన మొత్తం చెప్పేశాను. రిపోర్టు, రష్, కార్డు, గంప, అదాలత్ మలుపు, అన్నీ. సార్ చేతిలో ప్రూఫులు అట్లాగే ఉన్నాయి.

వాటిని బల్ల మీద పెట్టి ఒక మాట చెప్పారు. ఆరేళ్ళుగా రాస్తున్నా ఆయన ఒక్కసారి కూడా బిళ్ళలు వేయలేదట. ఎందుకు సార్ అన్నాను.

"మా ఆమె పొయినంక నాకు అడిగేటిది ఏం లేకుండె. ఏం జేస్తె ఏమైతది అని ఫికరే లేదు. నీకు ఉన్నది. నువ్వు అదృష్టవంతురాలివమ్మా" అన్నారు.

అదృష్టమా ఇది? నాకు కోపం వచ్చింది. తర్వాత ఆయన, మీ తమ్ముడు ఏమన్నడు అని అడిగారు. వాడు అడగలేదు సార్ అన్నాను. రెండోసారి అదే మాట అన్నాను, వాడు నన్ను అడగనే లేదు. మరదలు ఏడ్చింది, అమ్మ అడిగింది, డాక్టరు అడిగాడు. వాడు మాత్రం నోరు తెరవలేదు. నా ఒంట్లోంచి తీసుకోవాలన్నా నన్ను అడగనక్కర్లేదు, వాడికి నేను అడుగున ఉన్నట్టే. అది నాకు ఎంత మంటగా ఉందో ఆ మాట అన్నాకే తెలిసింది.

ఆగస్టు 19, సోమవారం

రాఖీ పున్నం. పోలేదు. ఈయన బస్సు నిండా అక్కాచెల్లెళ్ళేనట, కాలు పెట్టే సందు లేదట.

ఆగస్టు 22

రేపు శుక్రవారం. వాడు వస్తాడు. వాడి నోటితో వాడే అడగాలి. అడిగితే ఇస్తాను, అడగకపోతే ఇష్టం లేదని మేడమ్‌కు ఆ రెండో మాట చెప్తాను. ఇందులో కష్టం ఏముంది? ఇన్నాళ్ళు ఎందుకు తోచలేదో.

బిళ్ళలు వేయలేదు.

ఆగస్టు 23, శుక్రవారం

మలుపు తిరగలేదు. నేరుగా పోయాను. రోడ్డు బాగానే ఉంది.

సెంటరు మొదటి అంతస్తులో. చెప్పులు బయట విడిచి, ముక్కుకు గుడ్డ కట్టుకొని లోపలికి పోయాను. ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు. మూడో మంచం మీద ఉన్నది భాను అని వెంటనే గుర్తుపట్టలేదు. మొహం నల్లబడింది, కాళ్ళు ఉబ్బాయి, భుజాలు లేవు. చొక్కా వేరేవాళ్ళది వేసుకున్నట్టుంది. ఇవ్వాళ మూడు కిలోలు తగ్గాలి అని నర్సు ఎవరితోనో అంటోంది, ఒంట్లో చేరిన నీళ్ళ సంగతి.

నన్ను చూసి లేవబోయాడు. చేతికి ట్యూబులున్నాయని నర్సు అరిచింది. "తిన్నవా అక్కా" అన్నాడు. రెండేళ్ళ తర్వాత మొదటి మాట.

నేను అనుకొని పోయినవేవీ రాలేదు. స్టూలు లాక్కొని కూర్చొని, రిపోర్టు వచ్చింది, నెలన్నర దాటింది, సరిపోయింది అని గబగబా చెప్పేశాను. వాడు ఆశ్చర్యపడలేదు.

"ఎరుకే" అన్నాడు. "సరిపోకుంటె నువ్వు ఆ రోజే చెప్పేటిదానివి. సరిపోయింది గాబట్టే అమ్మతోని రష్ అన్నవ్."

నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నాకు కోపం వస్తుంది. అంత తెలిసినోడివి నన్ను ఎందుకు అడగలేదురా అన్నాను. పక్క మంచం మీద పెద్దాయన ఇటు తిరిగాడు. నీకు అవసరం లేదా, నేనంటే అంత చులకనా, నోరు తెరిచి ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. వాడు మిషన్ వైపు చూస్తూ విన్నాడు.

"ఎట్ల అడుగుత అక్కా? నేనడిగితే నువ్వు తగ్గుతవ్. చిన్నప్పటి సంది అంతే గద, నేను అడుగుడు, నువ్వు తగ్గుడు. సైకిల్ గట్లనే, సదువు గట్లనే. ఒక్క కార్డు కాడ నువ్వు తగ్గలే, అది నేను ఓర్వలే. పిల్ల పెండ్లి పాడుజేసిన. మల్ల ఇయ్యాల గిది గూడ అడగాల్నా?" దమ్ము తీసుకున్నాడు. "అడగ. సచ్చినా అడగ."

 వాడు అడగాలని పోయాను. అడగకపోవడం చులకన అనుకున్నాను. నన్ను ఒక్కసారైనా తగ్గనివ్వకూడదని వాడు ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. పిచ్చోడు. ఇట్లాంటి మర్యాద ఎవరు చేయమన్నారు?

"నాకు భయమైతాందిరా భానూ" అన్నాను. ఇది ఎవరితోనూ అనలేదు.

"నాక్కూడ అక్కా" అన్నాడు.

మిషన్ కూత పెట్టింది. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ప్రెస్సుకు పోలేదు.

ఆగస్టు 24, శనివారం

పొద్దున పదకొండుకు దవాఖాన మేడమ్‌కు ఫోన్ చేశాను. ఇస్తాను అని చెప్పాను. ఆమె ఈసారి సంబరపడలేదు. ఫారం ఒకటి నింపాలి, కొన్ని ప్రశ్నలు అడుగుతాను, తొందర లేకుండా జవాబు చెప్పండి అంది. పేరు, వయసు, ఏం పని చేస్తారు. షుగరు ఉందా, బీపీ ఉందా. మీ ఆయనకు తెలుసా. తెలుసు, నీ ఇష్టం అన్నాడు అని చెప్పాను.

కిడ్నీ ఇవ్వమని మిమ్మల్ని ఎవరు అడిగారు అంది.

ఎవరూ అడగలేదు అన్నాను.  ఆ గడిలో అట్లా ఎవరూ చెప్పరట. అమ్మ అనో, భర్త అనో, ఇంట్లో అందరూ అనో చెప్తారట. ఎవరో ఒకరు అడిగే ఉంటారు కదమ్మా, ఏం రాయమంటారు అంది.

"అమ్మ అడిగింది, మరదలు అడిగింది. వాళ్ళకోసం కాదు మేడమ్. తీసుకునేటోడు అడగనన్నడు. నేనే ఇస్తున్న. గట్లనే రాయండి."

రాసుకుంది. నాకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. సోమవారం పొద్దున ఏమీ తినకుండా పరీక్షలకు రమ్మంది.